వాసన లేని జిగురు

ఫెల్గైరాస్‌లో వాన పడితే
బూట్ల ఫ్యాక్టరీ రేకుల మీద
వెయ్యి సుత్తులు ఒక్కసారే మేకులు కొడుతున్నట్టుంటుంది.
ఆ చప్పుడులోనే నేను లెక్కపెడతాను.
నా పని అదే.
యంత్రం బూటును వంచుతుంది, వదులుతుంది, వంచుతుంది.
లక్షసార్లు వంగినా సోలు ఊడకపోతే
జిగురు పాసయినట్టు.

పదకొండో రకం
నలభై వేల దగ్గర నోరు తెరిచింది.
పన్నెండోది బాగానే పట్టింది గానీ
గోదాములో వారం ఉంచేసరికి బూజూ పట్టింది,
పచ్చగా, మెత్తగా, పసివాడి ఉన్నిటోపీలా.
పదమూడోది
బంగాళాదుంప గంజి, పాల విరుగుడు కలిపి కాచింది.
రాత్రికి రాత్రి ఎలుకలొచ్చి
ముప్ఫై ఆరు జతల సోళ్లు విప్పి
అంచులు నాకి పోయాయి.
తెల్లారి యజమాని బెల్మీరో
ఒక బూటును చాలాసేపు తిప్పి చూసి
"రుచి కుదిరిందన్నమాట" అన్నాడు.
నవ్వలేదు.
ఆ నెల జీతాలు ఆరు రోజులు ఆలస్యం.

పాత జిగురుతో ఏ పేచీ లేదు.
రాస్తే అంటుకుంటుంది, అంటుకుంటే వదలదు,
తొమ్మిది నిమిషాల్లో ఆరిపోతుంది.
ఆరినప్పుడు అందులోంచి పోయేది ఎక్కడికి పోతుందో
ఎవరూ అడగలేదు.
గాల్లోకి, అనుకున్నాం.
మరి గాలి ఎక్కడికి పోతుంది?
జుల్మీరా తలలోకి, ప్రతి మధ్యాహ్నం
సూపు గిన్నె ముందు పట్టుకు కూర్చునే తలలోకి.
డియోలిందా ముక్కులోకి.

డియోలిందా ముక్కుసూటి మనిషి.
ముక్కే ఎటో పోయింది.
జిగురు బల్ల దగ్గర ఇరవై ఏడేళ్లు.
ముందు కాఫీ పోయింది.
తర్వాత జూన్ పండగ రాత్రి
వీధి నిప్పుల మీద కాలే సార్డీన్ చేపలు పోయాయి.
ఆఖరికి మనవడి మాడు.
"పాలు పొంగితే కంటితో తెలుసుకుంటా,
మాడితే పొగతో" అంటుంది,
బ్రష్షు ఆపకుండా.

రసాయనాల క్వింటేలా
మోచేతుల దాకా మరకలతో
నీళ్లతో కుస్తీ పడుతున్నాడు మూడేళ్లుగా.
నీటికి తొందర లేదు, అదీ చిక్కు.
ఆరమంటే ఆరదు.
ఆరబెట్టడానికి పొయ్యి కావాలి, పొయ్యికి కరెంటు కావాలి.
"ఈ చేత్తో ఆపిన పొగ ఆ చేత్తో వదులుతున్నామా?"
అని తనలో తనే గొణుక్కుని
ఇంకో డబ్బా మూత తీస్తాడు.

ఈలోగా కొనేవాళ్ల దగ్గర్నుంచి ఒక బొమ్మ వచ్చింది,
పెట్టె మీద అచ్చేయమని, ఆకుపచ్చ ఆకు.
ఆకు వచ్చేసింది.
జిగురు ఇంకా రాలేదు.
ఆ అట్టలను బెల్మీరో మెట్ల కింద పడేశాడు.
"పుట్టని బిడ్డకు ఫొటో ఎందుకు?"

ఇరవై రెండో రకం
లక్ష దాటింది.
నేను నమ్మలేదు.
ఇంకో ఇరవై వేలు వంచనిచ్చాను.
తీసి ఉడికే నీళ్లలో వేశాను.
పటకారుతో లాగాను, తోలు చిరిగింది,
అతుకు చిరగలేదు.

సోమవారం బల్లల మీదికి కొత్త డబ్బాలు వచ్చాయి.
అలవాటు కొద్దీ కిటికీలు తీశారు.
అలవాటు కొద్దీ ఎవరో దగ్గారు.
దగ్గి, ఆగి,
ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు.
"ఏ వాసనా లేదే!" అంది జుల్మీరా.

డియోలిందా బ్రష్షు ఆపింది.
మొదటిసారి చూశాను ఆగడం.
"ఏమీ లేదా?"
"ఏమీ లేదు."
"అంటే ఇవాళ మీ అందరికీ
నాకు రోజూ ఉన్నట్టేనా?"

ఎవరూ మాట్లాడలేదు.
డబ్బా మీదికి వంగింది,
రొట్టె మీదికి వంగినట్టు.
లేచి నన్ను పిలిచింది.
"లెక్కల పిల్లా, ఇటు రా.
ఇన్నాళ్లూ ఆ కంపు కింద
ఈ గదికి ఇంకేం వాసనలున్నాయో చెప్పు."

కళ్లు మూసుకున్నాను.
తడిసిన తోలు.
దారానికి పట్టిన మైనం.
జుల్మీరా జేబులో నారింజ తొక్క.
కిటికీలోంచి వాన, యూకలిప్టస్.
క్వింటేలా చెమట.

చెప్పాను.
ఒక్కొక్కటీ, తొందర లేకుండా,
లెక్కపెట్టినట్టు.